తిన్నగా దిద్దిన ఫొటోలు

పోయిన వారం అక్కను కళ్లజోళ్ల దుకాణం పక్కన మెట్ల మీద వదిలేసి మన దారిన మనం పోయాం. పాపం, అప్పటినుంచీ ఆవిడ అక్కడే నిలబడి ఉంది. రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులు, చేతిలో ఫోను, ఎక్కనా వద్దా అని గోడకు ఆనించిన చెయ్యి. ఇక ఎక్కనిద్దాం. కాకపోతే ఈ వారమే కథ పట్టుకున్నవాళ్లు బిక్కమొహం వేయకుండా ముందు నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

అక్క చిన్నపిల్లల బడిలో టీచరు. కాగితంతో బొమ్మలు చేయడం నేర్పే బ్లాగు ఒకటి రాసేది. వారం వారం ఆవిడ భర్త తీసే ఫొటోకు, చేసిన బొమ్మనల్లా చేత్తో పట్టుకుని నిలబడేది ఆవిడ కూతురు. ఇంటాబయటా అందరూ పిచిక అని పిలిచేవారు. ఆ పిల్ల ఇప్పుడు లేదు. తలలో గడ్డ. పిచిక కొన్నాళ్లుగా తల ఒక పక్కకు వాల్చి నిలబడుతుంటే, అబ్బో వయ్యారం చూడండి అని ఇంటిల్లిపాదీ ముద్దులు కురిపించారు. అదే జబ్బు గుర్తని డాక్టరు చెప్పేనాటికి పరిస్థితి చెయ్యి దాటిపోయింది. ఇంకో తల్లికి ఈ గతి పట్టకూడదని అక్క గుండె రాయి చేసుకుని పెద్ద వ్యాసం రాసింది. దాన్ని ముస్తాబు చేసి బ్లాగులో పెట్టింది చెల్లెలు, మన చిన్నది. దాని బతుకుతెరువే అది. అక్క బ్లాగుతో సహా ఊళ్లోవాళ్ల బ్లాగులన్నీ చూడముచ్చటగా, చదవడానికి హాయిగా సర్దిపెడుతుంది.

వ్యాసం బయటికి వచ్చాక అక్క ఆ పేజీ తెరిచి చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది. నిన్న మాత్రం ‘ఇద్దరి అమ్మ’ అనే పేరుతో ఎవరో తల్లి పేజీ కింద రాసిన మాటలు ఫోనులో కనపడ్డాయి.

‘మీ వ్యాసం చదివి ఏడ్చానండీ. మా రెండో పాప కూడా ఈమధ్య తల పక్కకు పెట్టి నడుస్తోంది. హడలిపోయి డాక్టరు దగ్గర టైము తీసుకున్నాం. కానీ మీరు పెట్టిన ఫొటోలన్నీ చూశాక ధైర్యం వచ్చింది. మీ పిచిక తల ఎంత తిన్నగా ఉందో! మా దానిది అలా కాదు, బాగా వంకర. అంటే మాది ఆ జబ్బు కాదు, పడుకునే తీరు వల్ల వచ్చిందే అన్నారు మావారు. డాక్టరు దగ్గరికి వెళ్లడం మానుకున్నాం. మనసు తేలికపడింది. మీకు చాలా థాంక్స్.’

అదీ సంగతి. ఇక పదండి.

అక్క పైకి వచ్చేసరికి చిన్నది తన పనిగదిలో మొక్కల నర్సరీ ఆయనతో తంటాలు పడుతోంది. ఆయన తన బ్లాగు పేజీ నిండా ఆకుల బొమ్మ పరిచి, దాని మీద ఆకుపచ్చ అక్షరాలే కావాలని భీష్మించుకుని కూర్చున్నాడు.

“పచ్చదనం కదమ్మా! చూడగానే కళ్లకు చల్లగా ఉండాలి.”

“కళ్లు చల్లగానే ఉంటాయండీ, అక్షరాలే కనపడవు. గులాబీకి నీళ్లు ఎప్పుడు పోయాలో తెలుసుకుందామని వచ్చినవాడు ఆ ఆకుల్లో దూరి మీ మాటలు ఏరుకోవాలి.”

“ఏరుకుంటాడులే. ఆమాత్రం ఓపిక లేనివాడు మొక్కలేం పెంచుతాడు!”

“మీ వాళ్ల ఓపిక సంగతి సరే, ఈ పేరా చూడండి. మొదలైనచోటి నుంచి చివరిదాకా ఊపిరి పీల్చుకునే జాగా లేదు. ముక్కలు చేస్తాను. ఒక్కో ముక్కకు చిన్న శీర్షిక. మధ్యలో ఖాళీ. ఖాళీ ఉంటేనే కదండీ కన్ను కిందికి దిగేది!”

ఈ మాటలు చిన్నది నిద్రలో కూడా చెప్పగలదు. పని చేసే తీరు కూడా విచిత్రంగా ఉంటుంది. కుర్చీ వెనక్కి జరిపి, కళ్లు సగం మూసి, పేజీని దూరం నుంచి చూస్తుంది. అలా చూస్తే అక్షరాలన్నీ మసక చారలైపోతాయి. ఏ మాట ఏమిటో తెలియదు, పేజీ ఆకారం మాత్రం తెలుస్తుంది. ఎక్కడ నల్లగా ముద్దకట్టిందో అక్కడ విడదీస్తుంది. ఎక్కడ బోసిగా ఉందో అక్కడ ఒక బొమ్మ పెడుతుంది. ఈ పనిలో దాన్ని మించినవాళ్లు లేరని పేరు. నిజమే, లేరు.

గుమ్మంలో అక్కను చూసి చిన్నదాని మొహం విప్పారింది. పిచిక పోయాక అక్క ఈ గది మెట్లెక్కడం ఇదే మొదలు.

“రా అక్కా, కూర్చో. టీ తెప్పించనా?”

అక్క కూర్చోలేదు. నర్సరీ ఆయన ఆవిడ మొహం చూశాడు, కాళ్ల వంక చూశాడు, మళ్లీ వస్తానమ్మా అని గొణిగి సంచీ పుచ్చుకుని బయటపడ్డాడు. మనిషి మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు.

“పిచిక ఫొటోలు ఎక్కడివే?” అంది అక్క.

“ఏ ఫొటోలు?”

“వ్యాసంలో పెట్టావే, అవి.”

“నీ బ్లాగులోవే కదా. కాగితం పడవ, కిరీటం, విసనకర్ర... పాత పేజీల్లోంచి బాగున్నవన్నీ ఏరి పెట్టాను. ఎందుకూ, నచ్చలేదా?”

“బాగున్నవి,” అంది అక్క. ఆ మాటను నోట్లో పెట్టుకుని చేదు చూసినట్టు అంది. “పేజీ తియ్యి.”

చిన్నది తీసింది. చెప్పకూడదు గానీ ముచ్చటైన పేజీ. పైన అక్క పేరు, కింద విశాలంగా ఖాళీ. పేరాలు పొట్టిపొట్టిగా, ఒక్కోటీ రెండు మూడు వాక్యాలు. ‘గమనించాల్సిన గుర్తులు’ అని లేతాకుపచ్చ పెట్టె. అందులో పొద్దున్నే వాంతులు, నడకలో తూలడం, తల ఒక పక్కకు వాల్చడం, ఒకదాని కింద ఒకటి. ఆ పెట్టె పక్కనే పిచిక, కాగితం కిరీటం నెత్తిన పెట్టుకుని, ముందు పన్ను ఊడిన నవ్వుతో.

“ఆ పెట్టెలో ఏం రాసుంది, చదువు.”

“తల ఒక పక్కకు...”

“పక్కనే ఉన్న నా కూతురి తల ఎలా ఉంది?”

చిన్నది చూసింది. తిన్నగా ఉంది. బడిలో ప్రార్థనకు నిలబెట్టినట్టు నిటారుగా ఉంది. ఉంటే ఏమిటి అన్నట్టు అక్క వంక తిరిగింది. తిరుగుతూనే మెల్లగా మొహంలో రంగు దిగిపోయింది.

“నేను... ఫొటో వంకరగా ఉంటే సరిచేస్తాను కదక్కా. అందరివీ చేస్తాను. వంకర ఫొటో పెడితే పేజీ అంతా ఒరిగినట్టుంటుంది, చదివేవాళ్లకు చిరాకు. బావ ఫోను పట్టుకుంటే గోడలు కూడా తూలతాయని నవ్వుకునేవాళ్లం, గుర్తుందా? అందుకని పిచిక మొహం తిన్నగా వచ్చేదాకా తిప్పి...”

“తిప్పి?”

“చుట్టూ కత్తిరించేదాన్ని.”

అక్క ఫోను బల్ల మీద పెట్టింది. నిన్నటి ఆ తల్లి మాటలు చిన్నదాని ముందుకు జరిపింది. చిన్నది చదవడం మొదలుపెట్టింది. ‘డాక్టరు దగ్గరికి వెళ్లడం మానుకున్నాం’ అన్నచోట చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది.

“అయ్యో! అయ్యయ్యో, అక్కా!”

“నేను రాసింది చదివావా నువ్వు?”

“సర్దాను కదా...”

“సర్దడం కాదే. చదివావా?”

అబద్ధం చెప్పడానికి ఒక క్షణం వీలుంది. చిన్నది అంత నీచానికి దిగే మనిషి కాదు. తల అడ్డంగా ఊపింది.

“మొదటి వాక్యం చదివేసరికే ఏడుపు ఆగలేదు. ఇలా అయితే పని కాదని కళ్లు సగం మూసుకుని, ఊరికే ఆకారం చూసుకుంటూ విడదీశాను. ఒక్క మాట మార్చలేదక్కా, ఒట్టు. గుర్తులన్నీ ఒకచోట పెట్టమని నువ్వు గీత గీసి ఇచ్చావు, అవి తీసి అలాగే పెట్టెలో పెట్టాను. కానీ ఏం రాశావో... చదవలేదు.”

“లోకమంతా చదవాలని ముస్తాబు చేశావు. నువ్వు తప్ప.”

కింద కళ్లజోళ్ల దుకాణంలో ఎవరికో అక్షరాల పలక చూపించి చదివిస్తున్నారు. గొంతు చిన్నగా పైకి వినపడుతోంది. అక్క కుర్చీ లాక్కుని చెల్లెలి పక్కన కూర్చుంది.

“అసలువి ఉన్నాయా? నువ్వు తిప్పకముందువి?”

ఉన్నాయి. చిన్నది ఏదీ పారేయదు. బావ పంపిన ఫొటోలన్నీ వరసగా దాచిపెట్టింది. మొదటిది తెరిచింది, కాగితం పడవ. వెనక వంటింటి తలుపు, తలుపు పక్కన గోడకు తగిలించిన గొడుగు. తలుపు చట్రం గీత గీసినట్టు నిలువుగా ఉంది. గొడుగు నిలువుగా వేలాడుతోంది. వాటి ముందు పిచిక, పడవను రెండు చేతులా పట్టుకుని, తల ఇంత, రవ్వంత, భుజం వైపు వాల్చి.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి చూశారు. చిన్నదే ముందు నోరు విప్పింది.

“గోడ తిన్నగానే ఉందక్కా.”

“ఊ.”

“బావ చెయ్యి ఎప్పుడూ వంకరపోలేదు.”

“లేదు.”

పాపం ఆయన. పెళ్లాం దగ్గరా మరదలి దగ్గరా ఫొటోలు తీయడం చేతకానివాడని ఎన్ని మాటలు పడ్డాడు! మాట పడి కూడా ఫోనును ఇంకా జాగ్రత్తగా పట్టుకుని, “పిచికా, తిన్నగా నిలబడమ్మా” అనేవాడు. “తిన్నగానే ఉన్నా కదా నాన్నా” అనేది ఆ పిల్ల. దానికి లోకం అలాగే తిన్నగా కనపడేది మరి.

తర్వాతది విసనకర్ర. ఆ తర్వాత తోరణం. తర్వాత కిరీటం. ఒక్కోటీ తెరుస్తుంటే తల ఇంకొంచెం, ఇంకొంచెం ఒరుగుతూ వచ్చింది. చివరికి కాగితం దీపం పట్టుకున్న ఫొటోలో చెవి భుజానికి ఆనేలా ఉంది. అయినా నవ్వుతూనే ఉంది పిచ్చితల్లి. అక్క తెర మీద చెయ్యి పెట్టి ఆ చిన్న మెడను వేలితో నిమిరింది. ఆ నిమరడం చూడలేక చిన్నది మొహం తిప్పుకుంది.

“వీటిని ఒక్కోటీ నువ్వే దిద్దావు కదూ?”

“ఊ.”

“వారం వారం.”

“ఊ.”

“తిప్పేటప్పుడు, పోయినసారి కంటే ఈసారి ఎక్కువ తిప్పాల్సి వస్తోందని తెలిసేదా?”

చిన్నది ఏడుపు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. తెలిసేది. మనసుకు కాదు, చేతికి తెలిసేది. మొదట్లో ఇలా ఒక్క తోపు తోస్తే సరిపోయేది. పోనుపోను చాలేది కాదు. చివర్లో అయితే విసుగొచ్చి అక్కకు ఫోను చేసింది కూడా.

“నీకు చెప్పాను,” అంది. “బావకు చెప్పవే, ఫోను సరిగ్గా పట్టుకోమను, నా ప్రాణం తీస్తున్నాడు అని.”

“చెప్పావు. నేను ఆయన్ని తిట్టాను. ముగ్గురం కలిసి నవ్వుకున్నాం.” అక్క గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని చిన్నదానికి అనిపించింది. “ఇంట్లో మా కళ్ల ముందు అది గెంతుతూ తిరుగుతుండేది చిన్నీ. ఒకచోట నిలిస్తేగా చూడ్డానికి! తల వాలిస్తే వయ్యారం అనుకున్నాం, రోజూ చూసే పిల్లలో అది పెరుగుతోందని ఏం తెలుస్తుంది? దాన్ని కదలకుండా చూసింది నువ్వొక్కదానివే. వారానికోసారి, అదే పనిగా, కొలిచినట్టు చూసింది నువ్వు. చూసి, ఎవరికీ కనపడకుండా తుడిచేశావు.”

“నాకు తెలియలేదక్కా! పిచిక మీద ఒట్టు, నాకు తెలియలేదు!”

“తెలియలేదని నాకూ తెలుసే. తెలిసి చేసుంటే నిన్ను తిట్టిపోసి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నిన్ను తిట్టలేను, నిన్ను చూస్తూ ఉండలేను. అదీ నా కడుపులో మంట.”

ఇక ఆపుకోవడం చిన్నదాని వల్ల కాలేదు. బల్ల మీద తల పెట్టి భోరుమంది. అక్క చెయ్యి చెల్లెలి వీపు దాకా వచ్చింది. అక్కడే గాల్లో ఆగి, వెనక్కి వెళ్లి ఒళ్లో పడింది. ఎప్పుడైనా ఆ చెయ్యి వీపు మీద పడకుండా ఉందా? చిన్నప్పుడు మోకాలు దోక్కుపోయినా, పరీక్ష పోయినా ఆ చెయ్యి ముందు వచ్చేది. ఈరోజు రాలేకపోయింది.

“లే. ఏడవడానికి చాలా రోజులున్నాయి,” అంది అక్క. “అక్కడ ఆ తల్లి మనసు తేలిక చేసుకుని కూర్చుంది. ముందు ఆవిడ సంగతి చూడు.”

చిన్నది చప్పున కొంగుతో మొహం తుడుచుకుని తెర ముందుకు జరిగింది. ముందు ఆ తల్లి మాటల కిందే జవాబు రాసింది. ‘ఆ ఫొటోలు నిజం కావు. డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్లండి. దయచేసి ఈరోజే.’ పంపింది. కానీ ఆవిడ చూస్తుందో లేదో! అలా నమ్మి ఊరుకున్న తల్లులు ఇంకెంతమందో!

ఇన్నాళ్లూ పేజీని అందంగా సర్దింది. ఇప్పుడు కనపడేలా పెట్టాలి. వంట చేస్తూనో, బస్సులో నిలబడో, ఏడుస్తున్న పిల్లను చంకనేసుకునో, చిన్న ఫోనులో ఒక్క క్షణం చూసే తల్లి కంట పడాలి. ఆకుపచ్చ పెట్టె తీసి అవతల పారేసింది. పూల గీతలు తీసేసింది. అన్నిటికంటే పైన, తెల్లటి ఖాళీలో, పెద్ద నల్లటి అక్షరాల్లో ఒక్క వాక్యం పెట్టింది. ‘మీ పాప తల ఇలా వాలుస్తోందా? డాక్టరుకు చూపించండి.’ దాని కింద అసలు ఫొటోలు, తలుపు చట్రంతో సహా, ఏదీ కత్తిరించకుండా, పడవ నుంచి దీపం దాకా వరసగా. అక్క పక్కన కూర్చుని ఒక్కో ఫొటో కిందా ఏం రాయాలో చెబుతోంది. నాలుగు మాటలు చెప్పడం, ఫొటో వంక చూడడం, మళ్లీ చెప్పడం.

“ప్రతి వంపూ గడ్డ కాదు, భయపడొద్దు, కానీ చూపించుకోండి అని డాక్టరు చెప్పిన మాట కూడా పెట్టు. ఊరికే జనాన్ని హడలగొట్టొద్దు.”

“పెట్టాను.”

“చివర రాయి. ఇంతకుముందు ఇక్కడ ఉన్న ఫొటోలను మేం తిన్నగా దిద్దాం, క్షమించండి అని.”

చిన్నదాని వేళ్లు ఆగాయి. తర్వాత తనంతట తనే రాసింది. ‘ఇంతకుముందు ఇక్కడ ఉన్న ఫొటోలను తిన్నగా దిద్దింది నేను. పిచిక పిన్నిని. పాప బతికుండగా కూడా వారం వారం నేనే దిద్దాను. నాకు తెలియలేదు. మీరు చూడండి.’

రాసి, ఈసారి మొత్తం పేజీ చదివింది. కళ్లు సగం మూయలేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, అక్క రాసిన ఆసుపత్రి పొద్దులూ, పిచిక అడిగిన ప్రశ్నలూ, అన్నీ చదివింది. “పిన్ని వచ్చి ఫొటో బాగుచేస్తుందా అమ్మా, జుట్టు ఊడిపోయింది కదా” అని ఆ పిల్ల అడిగిన మాట కూడా దాటేయలేదు. చివరిదాకా ఆపకుండా చదివి, పేజీ బయటికి వదిలింది.

అక్క లేచి నిలబడింది.

“బ్లాగు పాస్‌వర్డు నా ఫోనుకు పంపు. ఇకమీదట నేనే చూసుకుంటాను.”

“సరే అక్కా.”

“కొన్నాళ్లు ఇంటికి రావద్దు.”

“అక్కా...”

“నీ మీద పగ లేదే. నువ్వు గుమ్మంలోకి రాగానే నాకు ఆ ఫొటోలన్నీ వరసగా కనపడతాయి. బావకు నేను ఎలాగోలా చెబుతాను. ఆయన ముందుకు నువ్వు ఇప్పుడే రాకు. నన్ను అర్థం చేసుకో.”

చిన్నది తలూపింది. ఏం చేస్తుంది? పుట్టిల్లన్నా అదే, అమ్మన్నా ఆవిడే దానికి. ఆ గుమ్మం మూసుకుపోతే ఈ లోకంలో అడుగు పెట్టడానికి దానికి ఇంకో ఇల్లు లేదు. అక్క గోడ పట్టుకుని మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ అలాగే నిలబడిపోయింది.

అంతలో కంప్యూటరు టింగుమంది.

‘ఇద్దరి అమ్మ’ దగ్గర్నుంచి జవాబు. చిన్నది వంగి చదివింది. చదివి ఒక్క ఉదుటున గుమ్మంలోకి పరుగెత్తింది.

“అక్కా! అక్కా, ఆగు! ఆవిడ రాసింది... ఆవిడ కాదు, ఆయన రాశాడు!”

కింద మెట్టు మీద అక్క ఆగింది. వెనక్కి తిరగలేదు. చిన్నది ఫోనులో అదే పేజీ తెరిచి, ఊపిరి ఆడకుండా పైకి చదివింది.

‘నేను ఆ పాప నాన్నను. నా భార్య ఫోను నా దగ్గరుంది. ఆమె పాప దగ్గర లోపల ఉంది. పొద్దున్నే వాంతులయ్యాయి, నిలబెడితే నిలబడలేదు, ఎత్తుకుని ఆసుపత్రికి వచ్చేశాం. తల ఎప్పటినుంచి వాలుస్తోంది, ఎంత త్వరగా పెరిగింది అని డాక్టరు అడుగుతున్నారు. మాకు తెలియడం లేదు. రోజూ చూసే పిల్ల కదా. ఫోను నిండా పాప ఫొటోలున్నాయి, నాకు అన్నీ ఒకలాగే కనపడుతున్నాయి. మీ పేజీ ఇప్పుడే చూశాను. పిచిక పిన్ని గారూ, ఎలా చూడాలో మీకు తెలుసు. అన్నీ పంపుతున్నాను. చూసి చెబుతారా?’

చదవడం పూర్తయ్యేలోపే ఆ మాటల కిందే ఫొటోలు రావడం మొదలైంది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. ఎవరో ఎరగని పిల్ల, రెండు జడలు.

చిన్నది ఫోను అక్క వైపు చాపింది. “నా వల్ల కాదక్కా. నా కళ్లను నేనే నమ్మలేను. నువ్వు చూడు. నువ్వు చెప్పు.”

అక్క వెనక్కి తిరిగింది. మెట్లెక్కి పైకి వచ్చి, ఫోను అందుకోకుండా, చెల్లెలి మణికట్టు పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది. గట్టిగా పట్టుకుంది, నొప్పి పుట్టేలా.

“నువ్వే చూడు,” అంది. “ఈసారి చూసింది నోరు తెరిచి చెప్పు.”

చిన్నది మొదటి ఫొటో తెరిచింది.